రోహిణి ఎంత దూరం? బేగంపేట కుర్రాడు కట్టిన లెక్క

డిసెంబరులో రాత్రి ఎనిమిదింటికి మచ్చ బొల్లారంలో డాబా ఎక్కి తూర్పుకు తిరిగి నిలబడితే కంటికి ఆనే చుక్కలు చాలా కొద్ది. ఒకవైపు మేడ్చల్ హైవే దీపాలు, ఇంకోవైపు అల్వాల్ అపార్టుమెంట్ల వెలుతురు, శామీర్‌పేట దిక్కున ఔటర్ రింగురోడ్డు. ఈ వెలుతురులో పాలపుంత కనిపించే ఆశ లేదు. అయినా ఎరుపు తిరిగిన రెండు చుక్కలు మాత్రం వీటన్నిటినీ తట్టుకుని నిలబడతాయి. పైనున్నది రోహిణి, కింద అప్పుడప్పుడే పైకి వస్తున్నది ఆర్ద్ర.

పేర్లు మనకు కొత్తవి కావు. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటాం. ఆరుద్ర పురుగులు నేల మీద ఎర్రగా పాకాయంటే వానలు పట్టాయనుకుంటాం. విచిత్రమేమిటంటే రోహిణి కార్తెలో రోహిణి కనిపించదు. ఆ రోజుల్లో సూర్యుడు ఆకాశంలో సరిగ్గా ఆ చుక్క పక్కన ఉంటాడు కాబట్టి రెండూ కలిసే పొడుస్తాయి, కలిసే గుంకుతాయి. చుక్కను చూడాలంటే చలికాలం దాకా ఆగాల్సిందే.

ఈ రెండు చుక్కల్లో ఏది దగ్గర, ఏది దూరం? కంటితో చెప్పడం అసాధ్యం. చీకట్లో రోడ్డు మీద ఒకటే దీపం కనిపిస్తే అది దగ్గరలో ఉన్న సైకిల్ దీపమో, దూరంగా వస్తున్న లారీ హెడ్‌లైటో ఎలా తేలదో ఇదీ అంతే. దూరం తెలిస్తే అసలు వెలుగు లెక్కకట్టొచ్చు, అసలు వెలుగు తెలిస్తే దూరం లెక్కకట్టొచ్చు. రెండూ తెలియకపోతే చేతిలో ఏమీ లేదు. ఖగోళశాస్త్రానికి ఇది పాత తలనొప్పి. దీనికి అసలు వెలుగు వైపు నుంచి ఒక దారి కనిపెట్టిన ఇద్దరిలో ఒకరు ఇక్కడికి పన్నెండు కిలోమీటర్ల పైచిలుకు దక్షిణాన, బేగంపేట నిజామియా వేధశాలలో పెరిగిన మనిషి. పేరు మనాలి కల్లాట్ వేణు బప్పు.

వేధశాల కథ బప్పు పుట్టక ముందే మొదలైంది. నవాబ్ జఫర్ జంగ్‌కి ఖగోళం పిచ్చి. 1901లో ఇంగ్లండులో టెలిస్కోపు కొని, నిజాం మహబూబ్ అలీ ఖాన్ అనుమతి తీసుకుని, పాతబస్తీ అవతల ఫిసల్‌బండలో పెట్టించాడు. 1907లో ఆయన పోయాడు. మరుసటి ఏడాది వేధశాల ప్రభుత్వం చేతికి వచ్చింది. మొదటి డైరెక్టరు ఆర్థర్ చాట్‌వుడ్ దాన్ని బేగంపేటకు మార్చాడు. ఆ తరవాత పోకాక్ వచ్చాడు. 1918లో పోకాక్ చనిపోయాక టి.పి. భాస్కరన్ డైరెక్టరై 1944 దాకా నడిపాడు. 1919 నుంచి వేధశాల ఉస్మానియా యూనివర్సిటీ కిందికి వచ్చింది. బేగంపేట విమానాశ్రయానికి దగ్గర్లో, ఇప్పుడు ఆర్థిక సామాజిక అధ్యయన కేంద్రం ఉన్న ఆవరణలో, పాత గుమ్మటం ఇంకా ఉంది. ఆ దారిన రోజూ పోయేవాళ్లలో అది దేనిదో తెలిసినవాళ్లు ఎందరో నాకు అనుమానమే.

అక్కడ జరిగిన పని గురించి కొంచెం ఆగి చెప్పుకోవాలి. 1882లో ఆకాశంలో ఒక పెద్ద తోకచుక్క కనిపించింది. ఆఫ్రికా దక్షిణ కొసన ఉన్న కేప్ వేధశాలలో డేవిడ్ గిల్ దాన్ని ఫొటో తీయించాడు. తోకచుక్కతో పాటు వెనకున్న నక్షత్రాలు కూడా లెక్కలేనన్ని ప్లేటు మీద పడ్డాయి. ఆకాశమంతా ఇలాగే ఫొటో తీసి ప్రతి చుక్క స్థానాన్నీ రాసి పెడితే ఎలా ఉంటుందన్న ఆలోచన అక్కణ్నుంచి ఊపందుకుంది. 1887లో పారిస్‌లో సమావేశమై ఆకాశాన్ని పట్టీలుగా కోసి వేధశాలలకు పంచుకున్నారు. కేప్, అల్జీర్స్, పారిస్, గ్రీనిచ్, వాటికన్ అన్నీ అందులో ఉన్నాయి. కొన్ని వేధశాలలు పని మొయ్యలేక వదిలేశాయి. చిలీలోని శాంటియాగో వదిలేసిన పట్టీ హైదరాబాదుకు వచ్చింది. ఖగోళ మధ్యరేఖకు దక్షిణాన 17 డిగ్రీల నుంచి 23 డిగ్రీల దాకా ఉన్న పట్టీ అది. తరవాత జర్మనీలోని పోట్స్‌డామ్ వేధశాల వాటాలో నుంచి ఉత్తరాన 36 నుంచి 39 డిగ్రీల పట్టీ కూడా వచ్చి చేరింది. యూరప్ వేధశాలలకు దక్షిణ పట్టీ దిగంతం పొగమంచులో పడుతుంది. పదిహేడున్నర డిగ్రీల అక్షాంశం దగ్గరున్న హైదరాబాదుకు రెండూ తేలిగ్గా అందుతాయి.

పని చేసే తీరు ఇది. ఎనిమిది అంగుళాల కుక్ కంపెనీ టెలిస్కోపుకి గాజు ప్లేటు బిగించి ఆకాశంలో రెండు డిగ్రీల చదరం ఫొటో తీస్తారు. అంటే నిండు చంద్రుళ్లను వరసగా నలుగుర్ని పెడితే వచ్చేంత వెడల్పు. ప్లేటు కడిగి, మైక్రోస్కోపు కింద పెట్టి, దాని మీద ముందే ముద్రించుకున్న సన్నటి గళ్ల ఆధారంగా ప్రతి చుక్క అడ్డం నిలువు కొలతలు తీసి కాగితం మీద రాస్తారు. తరవాత ఇంకో ప్లేటు. మూడు దశాబ్దాలు ఇదే పని. చివరికి 12 సంపుటాలు అచ్చయ్యాయి. వాటిలో 7,63,542 నక్షత్రాలున్నాయి. ఈ పని చేస్తే పేరు రాదు, కొత్త సిద్ధాంతమూ పుట్టదు. భాస్కరన్ హయాంలో ఈ పని చేసిన గుమాస్తాలు, సహాయకుల పేర్లు సామాన్య పాఠకుడికి చేరలేదు.

ఆ సహాయకుల్లో ఒకాయన ఎం.కె. బప్పు. కేరళలోని తలశ్శేరి వైపు నుంచి వచ్చి నిజామియాలో ఉద్యోగంలో చేరాడు. ఆయన ఒక్కగానొక్క కొడుకు వేణు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టి హైదరాబాదులో పెరిగాడు. మిగతా పిల్లలకు నాన్న ఆఫీసంటే బల్లలు, ఫైళ్లు. ఈ పిల్లవాడికి నాన్న ఆఫీసంటే గుమ్మటం, దాని కింద పదిహేను అంగుళాల గ్రబ్ కంపెనీ దుర్బిణి. చీకటి పడ్డాక మొదలయ్యే డ్యూటీ. నిజాం కాలేజీలో భౌతికశాస్త్రం చదువుతూనే, వెలుగు హెచ్చుతగ్గులయ్యే నక్షత్రాలను వేణు పరిశీలించేవాడు. ఇరవై ఏళ్లు నిండకముందే ఆ పరిశీలనలు పత్రికలో అచ్చయ్యాయి.

హెచ్చుతగ్గుల నక్షత్రాలను చూడటం మంచి బడి. పక్కన వెలుగు మారని చుక్కలు రెండు మూడు పెట్టుకుని, వాటితో పోల్చి, ఇవ్వాళ ఇది ఎంత మసకగా ఉందో అంచనా వేసి, టైము రాసి, మర్నాడు మళ్లీ చూడాలి. డబ్బుండనక్కర్లేదు, ఓపికుండాలి. ఇవ్వాళ్టికీ ప్రపంచమంతటా ఔత్సాహికులు చేసే ఈ పని నుంచి శాస్త్రవేత్తలు సమాచారం తీసుకుంటారు. మన బడుల్లో ఖగోళం పేరుతో చెప్పేది గ్రహాల పేర్లు బట్టీ పట్టించడంతో ఆగిపోతుంది. పిల్లలకు ఒక చుక్కనిచ్చి నెలరోజులు చూసి రాసుకు రమ్మని చెప్పే మాస్టారుంటే ఎంత బాగుండు అనిపిస్తుంది.

1948 సెప్టెంబరులో హైదరాబాదు సంస్థానం భారతదేశంలో కలిసింది. హైదరాబాదు ప్రభుత్వం ఇచ్చిన స్కాలర్‌షిప్పుతో బప్పు 1949 మొదట్లో అమెరికా వెళ్లి హార్వర్డ్‌లో చేరారు. అక్కడికి వెళ్లిన కొన్ని నెలలకే, జులై 2న, ఓక్ రిడ్జ్ వేధశాలలో మామూలుగా తీసిన ఫొటో ప్లేటు ఒకటి పరిశీలిస్తుంటే నక్షత్రాల మధ్య ఉండకూడని మసక మచ్చ ఒకటి కంటబడింది. కొత్త తోకచుక్క! ఆచార్యుడు బార్ట్ బాక్, తోటి విద్యార్థి గోర్డన్ న్యూకిర్క్ కూడా ఆ పనిలో పాలుపంచుకున్నారు. దాని పేరు బప్పు-బాక్-న్యూకిర్క్ అయింది. పసిఫిక్ ఖగోళ సంఘం డోన్హో పతకం ఇచ్చింది. ప్లేటు మీద చుక్కల్ని చదవడం బప్పుకి బేగంపేటలోనే అబ్బిన విద్య అని నా ఊహ. నక్షత్రానికీ మరకకీ ఇంకో దేనికో ఉన్న తేడా పట్టుకునే కన్ను మరి ఎక్కణ్నుంచి వస్తుంది?

అయితే తోకచుక్క అదృష్టం. దాని వల్ల పేరొస్తుంది గాని శాస్త్రం పెద్దగా ముందుకు నడవదు. బప్పు పేరు పాఠ్యపుస్తకాల్లో నిలబడింది వేరే పనికి.

1952లో డాక్టరేటు పూర్తయ్యాక కార్నెగీ ఫెలోషిప్పుతో ఆయన కాలిఫోర్నియా వెళ్లారు. మౌంట్ విల్సన్, పాలొమార్ వేధశాలలు అప్పటికి ప్రపంచంలోకెల్లా గొప్పవి. అక్కడ ఖగోళశాస్త్రవేత్త ఓలిన్ విల్సన్‌తో కలిసి ఒక సన్నటి గీత వెంట పడ్డారు.

నక్షత్రం వెలుతురుని పట్టకంలాంటి పరికరంలోంచి పంపితే ఊదా నుంచి ఎరుపు దాకా రంగుల పట్టీ పరుచుకుంటుంది. దాన్ని వర్ణపటం అంటారు. ఆ పట్టీ మీద అక్కడక్కడా నల్లటి గీతలుంటాయి. నక్షత్రం పై పొరల్లో ఉన్న మూలకాలు తమకు ఇష్టమైన రంగుని మింగేసిన జాడలవి. ఊదారంగు కొసన, కంటిచూపు ఆగిపోయే చోట, రెండు వెడల్పైన నల్ల గీతలు చాలా ప్రస్ఫుటంగా కనిపిస్తాయి. ఒక ఎలక్ట్రాన్ పోగొట్టుకున్న కాల్షియం పరమాణువుల పని అది. వాటికి హెచ్, కె అని పేర్లు. కె గీత తరంగదైర్ఘ్యం 393.4 నానోమీటర్లు.

సూర్యుడికంటే చల్లగా, పసుపు, నారింజ, ఎరుపు రంగుల్లో ఉండే నక్షత్రాల్లో ఈ కె గీత నడిమధ్యన ఒక చిన్న వింత ఉంటుంది. చీకటి లోయ అడుగున మళ్లీ సన్నటి వెలుగు గట్టు లేస్తుంది. ఆ వెలుగు నక్షత్రం ఉపరితలానిది కాదు. దాని పైనున్న పలుచని, వేడి ఎక్కువైన పొరది. ఆ పొర పేరు వర్ణమండలం. సూర్యుడికీ ఉంది. సంపూర్ణ గ్రహణం వేళ అంచున ఎర్రగా మెరిసేది అదే.

విల్సన్, బప్పు కలిసి ఈ వెలుగు గట్టు వెడల్పు కొలవడం మొదలుపెట్టారు. గట్టు ఎంత కాంతివంతంగా ఉందన్నది వాళ్లు పట్టించుకోలేదు. ఎంత వెడల్పుందన్నదే చూశారు. మొత్తం 185 నక్షత్రాలు. ఒక కాగితం మీద, రెట్ల లెక్కలో (లాగరిథమ్ కొలతలో), అడ్డంగా వెడల్పులు, నిలువుగా నక్షత్రాల అసలు వెలుగులు గుర్తు పెట్టుకుంటూ పోతే చుక్కలన్నీ దాదాపు ఒకే సరళరేఖ మీద వాలాయి. అసలు వెలుగు ఎక్కువైనకొద్దీ గట్టు వెడల్పు పెరుగుతోంది. నక్షత్రం ఎంత వేడిగా ఉందన్నదానితో పనిలేదు, గట్టు ప్రకాశంతోనూ పనిలేదు. 1957లో ఆస్ట్రోఫిజికల్ జర్నల్‌లో అచ్చయిన ఈ సంబంధాన్నే విల్సన్-బప్పు ప్రభావం అంటారు.

లెక్క ఎంత తేలికో చూడండి. అసలు వెలుగు పది లక్షల రెట్లు పెరిగితే వెడల్పు పది రెట్లవుతుంది. వెలుగు 64 రెట్లయితే వెడల్పు రెండింతలు. అంటే వెడల్పు ఎన్ని రెట్లో తెలిస్తే ఆ సంఖ్యను ఆరుసార్లు రాసి ఒకదానితో ఒకటి గుణించుకుంటే వెలుగు ఎన్ని రెట్లో వస్తుంది. రోహిణి కంటికి కనిపించే కాంతిలో సూర్యుడికి సుమారు 150 రెట్లు. దాని కె గీత గట్టు సూర్యుడి దానికంటే రెండింతల కన్నా కాస్త ఎక్కువ వెడల్పుండాలి. ఆర్ద్ర మహా రాక్షసి. కనిపించే కాంతిలోనే సూర్యుడికి వేల రెట్లు. దాని గట్టు సూర్యుడి గట్టుకి ఐదు రెట్ల దాకా ఉండాలి. ఇంత తేడా స్కేలు పెట్టి కొలవగలిగినంత తేడా. అసలు వెలుగు తెలిసింది కాబట్టి ఇక్కడికి ఎంత మసకబారి చేరిందో చూసి దూరం చెప్పొచ్చు. రోహిణి దాదాపు 65 కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. ఆర్ద్ర 500 కాంతి సంవత్సరాలకు పైమాటే.

అప్పట్లో ఇది ఎందుకంత అవసరమో తెలియాలంటే దూరం కొలిచే అసలు పద్ధతి ఇబ్బంది తెలియాలి. భూమి సూర్యుడి చుట్టూ తిరుగుతుంది కనక, ఆరు నెలల తేడాతో రెండుసార్లు చూస్తే దగ్గరి నక్షత్రం దూరపు నక్షత్రాల ముందు రవ్వంత జరిగినట్టు కనిపిస్తుంది. ఆ జరుగుడుని బట్టి దూరం కట్టొచ్చు. కాని నేల మీద నుంచి చూస్తే గాలి చుక్కల్ని వణికిస్తుంది. వంద కాంతి సంవత్సరాలు దాటితే ఆ రవ్వంత జరుగుడు వణుకులో కలిసిపోయేది. కె గీతకు ఆ బాధ లేదు. వర్ణపటం తీయగలిగినంత వెలుతురుంటే చాలు, నక్షత్రం ఎంత దూరంలో ఉన్నా గట్టు వెడల్పు మారదు.

వెడల్పు ఎందుకు పెరుగుతుందన్న ప్రశ్నకు సమాధానం మాత్రం అంత సరళంగా లేదు. పెద్ద నక్షత్రాలు ఉబ్బి ఉంటాయి కాబట్టి వాటి ఉపరితలం మీద గురుత్వం తక్కువ. అందువల్ల వర్ణమండలం దళసరిగా పేరుకుంటుంది. దళసరి పొరలో గీత పక్కలకు పరుచుకుంటుంది. స్థూలంగా వివరణ ఇది. అందులో వాయువుల సుడుల పాత్ర ఎంత, దళసరి పాత్ర ఎంత అన్న వాదన దశాబ్దాలపాటు నడిచింది. లెక్క ముందు దొరికి, కారణం తరవాత వెతుక్కోవడం శాస్త్రంలో మామూలే.

ఇలాంటి ఆవిష్కరణ చేతికొచ్చిన పాతికేళ్ల వాడు సాధారణంగా కాలిఫోర్నియా వదలడు. బప్పు 1953లో వెనక్కి వచ్చేశారు. అప్పటి భారతదేశంలో చెప్పుకోదగ్గ పెద్ద టెలిస్కోపు ఒక్కటీ లేదు. ఆయన వెళ్లిన చోటు వారణాసి. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం 1954లో అక్కడ పెట్టిన వేధశాలకు మొదటి అధిపతి కొద్ది నెలలకే చనిపోతే బప్పు బాధ్యత తీసుకుని, గంగ ఒడ్డు దుమ్ము, తేమలో ఇది సాగదని దాన్ని నైనితాల్ కొండలకెక్కించారు. 1960లో కొడైకెనాల్ వేధశాల డైరెక్టరయ్యారు.

కొడైకెనాల్ సూర్యుణ్ని చూసే వేధశాల. సూర్యుడి మచ్చల్లో వాయువులు బయటికి ఎలా పారుతాయో 1909లో ఎవర్షెడ్ కనిపెట్టింది అక్కడే. అంతకంటే బప్పుకి పనికొచ్చే విషయం ఇంకోటుంది. అక్కడ 1904 నుంచీ దాదాపు రోజూ సూర్యుణ్ని కాల్షియం కె వెలుతురులో ఫొటో తీసి దాస్తున్నారు. తాను నక్షత్రాల్లో కొలిచిన గీత అదే! నక్షత్రమైతే చుక్కగా కనిపిస్తుంది, గట్టు ఏ భాగం నుంచి వస్తోందో తెలియదు. సూర్యుడైతే ముఖమంతా విప్పి చూపిస్తాడు. తోటి శాస్త్రవేత్త శివరామన్‌తో కలిసి బప్పు ఆ ముఖం మీద వెతికారు. కె వెలుతురులో సన్నగా మెరిసే చిన్న చిన్న మచ్చలే ఆ వెడల్పుకి మూలమని 1971లో చెప్పారు. ఆయన వ్యక్తిగత పరిశోధనల్లో నాకు అన్నిటికంటే నచ్చేది ఇది. ఊరు మారినా, ఉద్యోగం మారినా గీత మారలేదు.

సూర్యుడితో రాత్రి ఆకాశం తీరదు. నక్షత్రాల కోసం ఆయన మరో కొండ వెతికారు. తమిళనాడులో జవ్వాది కొండల మీద కావలూరు. అడవి, దగ్గర్లో పట్టణం లేదు, సుమారు 725 మీటర్ల ఎత్తు. అక్షాంశం పన్నెండున్నర డిగ్రీలు. ఆ చివరి సంఖ్య ముఖ్యం. నైనితాల్‌లో అగస్త్య నక్షత్రం దిగంతానికి ఎనిమిది డిగ్రీల పైనే తచ్చాడుతుంది. మన దగ్గర ఇరవై డిగ్రీలు. కావలూరులో పాతిక. హార్వర్డ్‌లో అసలు కనిపించదు. దక్షిణ ఆకాశంలో అంతకంటే దిగువనున్న త్రిశంకు నక్షత్రమండలం కూడా కావలూరు నుంచి టెలిస్కోపుకి అందుతుంది. ఉత్తరానికి సప్తర్షులు ఎలాగూ ఉన్నారు. రెండు ఆకాశాలు ఒక్క కొండ మీద నుంచి చూడగలిగే చోట్లు ప్రపంచంలో తక్కువ. నిజామియాకి రెండు పట్టీలు దొరకడం వెనకున్న భూగోళమే ఇదీ.

1968లో కావలూరులో మొదట పెట్టిన టెలిస్కోపు 15 అంగుళాలది. కొడైకెనాల్ వర్క్‌షాపులో సొంతంగా తయారు చేసుకున్నది. 1972లో జర్మనీ నుంచి మీటరు వ్యాసం ఉన్న జైస్ టెలిస్కోపు వచ్చింది. వచ్చీ రాగానే, ఆ ఏడాది జూన్ 7న, గురుగ్రహం ఉపగ్రహం గానిమీడ్ ఒక నక్షత్రం ముందు నుంచి దాటింది. నక్షత్రం ఠక్కున ఆరిపోకుండా కొద్దిగా నెమ్మదించి ఆరడంతో గానిమీడ్‌కి పలుచని వాతావరణం ఉండొచ్చన్న సూచన దొరికింది. 1977 మార్చి 10న ఇంకా పెద్ద విందు. ఆ రాత్రి యురేనస్ ఒక నక్షత్రాన్ని కప్పబోతోంది. శాస్త్రవేత్తలు భట్టాచార్య, కుప్పుస్వామి కావలూరు టెలిస్కోపు దగ్గర కూర్చున్నారు. గ్రహం ఇంకా నక్షత్రాన్ని తాకకముందే చుక్క కాసేపు మసకబారి మళ్లీ వెలిగింది. మధ్యలో ఏదో అడ్డొచ్చింది. కొత్త ఉపగ్రహమేమో అనుకున్నారు. అదే సమయంలో హిందూ మహాసముద్రం మీద ఎగురుతున్న విమాన వేధశాలలో జేమ్స్ ఇలియట్ బృందం గ్రహానికి ఇటూ అటూ కూడా అలాంటి మసకలు వరసగా చూసింది. అవి వలయాలు. అంతదాకా వలయాలంటే శనిగ్రహం ఒక్కటే గుర్తొచ్చేది. ఆ మసక ఒక్కసారి కాదు, అటువైపు కూడా దొరికి ఉంటే మొదటి ప్రకటన జవ్వాది కొండల నుంచే వచ్చేదేమో. ఎవరికెంత వాటా అన్నది పక్కన పెడితే, అయిదేళ్ల కిందట అడవిలో పెట్టిన టెలిస్కోపు ప్రపంచంలో ఆ రాత్రి సరైన చోట, సరైన దిక్కుకి తిరిగి ఉంది.

ఇదే కాలంలో హైదరాబాదు ఖగోళం కూడా ఊరు వదలింది. బేగంపేట వెలుతురు టెలిస్కోపుకి పనికిరాకుండా పోతుంటే ఉస్మానియా యూనివర్సిటీ ఇబ్రహీంపట్నం దగ్గర జపాల్, రంగాపూర్ ఊళ్ల మధ్య గుట్ట మీద 1968లో 48 అంగుళాల టెలిస్కోపు పెట్టింది. దాని వెనక ఉన్న గురువు కె.డి. అభ్యంకర్. ఖగోళ భౌతికశాస్త్రం మీద ఆయన రాసిన పాఠ్యపుస్తకాలు దేశమంతటా చదువుకున్నారు. 1980 ఫిబ్రవరి 16 సంపూర్ణ సూర్యగ్రహణం సరిగ్గా రంగాపూర్ మీదుగా పోయింది. పట్టపగలు ఊళ్లు చీకటైతే తలుపులు వేసుకుని కూర్చున్నవాళ్లు మన జిల్లాల్లో చాలామంది. గుట్ట మీద మాత్రం ఉస్మానియా విద్యార్థులు ఆ నిమిషాల కోసం ముందు నుంచే సిద్ధంగా ఉన్నారు. అక్కడికీ ఇప్పుడు నగరం వెలుతురు పాకింది. ఫిసల్‌బండ నుంచి బేగంపేటకి, బేగంపేట నుంచి రంగాపూర్‌కి వెళ్లిన వేధశాలకు ఇక జరగడానికి చుట్టుపక్కల చోటు మిగల్లేదు.

బప్పు 1971లో కొడైకెనాల్, కావలూరుల్ని కలిపి భారత ఖగోళ భౌతిక సంస్థగా స్వతంత్రంగా నిలబెట్టారు. తరవాత దాని కేంద్రం బెంగళూరుకి చేరింది. అప్పటికే ఆయన మనసులో ఇంకో పని ఉంది. పెద్ద టెలిస్కోపు కొనడం కాదు, మనమే చేయడం. 2.3 మీటర్ల అద్దం. గాజు దిమ్మె జర్మనీ నుంచి తెచ్చారు గాని దాన్ని అరగదీసి నునుపు పెట్టింది బెంగళూరులోనే, జయరాజన్ నాయకత్వంలో. ఉక్కు భాగాలు తయారుచేసింది వాల్‌చంద్‌నగర్ ఇండస్ట్రీస్. కొంటే త్వరగా అయిపోయేది. దశాబ్దానికి పైగా పట్టింది. ఇది సరైన నిర్ణయమేనా అని అప్పుడూ ప్రశ్నలుండే ఉంటాయి. నా మటుకు అనిపించేది, ఆయన పరిశోధకుడిగా పోగొట్టుకున్న ఏళ్లు తక్కువేం కాదు. మంజూరు ఫైళ్లు, సిమెంటు, కాంట్రాక్టులు, గుమ్మటం తిరిగే చక్రాలు. విల్సన్ అక్కడే ఉండి 1966 నుంచి అవే కాల్షియం గీతల్ని ఏళ్లతరబడి చూసి, సూర్యుడి మచ్చల చక్రంలాంటివి వేరే నక్షత్రాల్లోనూ ఉన్నాయని తేల్చాడు. ఆ పని బప్పు కూడా చేయగలిగినవాడే. కాని ఆయన అద్దం దగ్గర కూర్చోబెట్టిన కుర్రవాళ్లు ఆ తరవాత అద్దాలు చేయగలిగారు. విల్సన్ చేసిన పనితో దీన్ని ఎలా తూచాలో నాకు తెలియదు.

1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం ఆయన్ను అధ్యక్షుడిగా ఎన్నుకుంది. ఆ పదవి దక్కిన మొదటి భారతీయుడు. 1982 ఆగస్టులో గ్రీసులోని పత్రాస్‌లో జరిగిన మహాసభకు ఆయన అధ్యక్షత వహించాలి. గుండె శస్త్రచికిత్స తరవాత మ్యూనిక్‌లోనే ఆగిపోయారు. ఆగస్టు 19న అక్కడే కన్నుమూశారు. 55 ఏళ్లు నిండి తొమ్మిది రోజులు. మరుసటి మహాసభ 1985లో ఢిల్లీలో జరిగింది. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి 2.3 మీటర్ల టెలిస్కోపుకి వేణు బప్పు పేరు పెట్టారు. అప్పటికి ఆసియాలో అంత పెద్ద టెలిస్కోపులు బహుతక్కువ.

ఇక కె గీత సంగతి. 1989లో యూరప్ వాళ్లు హిప్పార్కస్ అనే ఉపగ్రహాన్ని పంపారు. గాలి వణుకు లేని చోటు నుంచి అది లక్షకు పైగా నక్షత్రాల జరుగుడు కొలిచి దూరాలు తేల్చింది. ఆ కొలతలతో విల్సన్-బప్పు సంబంధాన్ని మళ్లీ పరీక్షించారు. సరళరేఖ నిలబడింది. ఒక్కో నక్షత్రం దూరంలో 30 శాతం అటూ ఇటూ కావచ్చు, అందుకని ఏ ఒక్క చుక్క దూరాన్నో కచ్చితంగా చెప్పడానికి దీన్ని నమ్ముకోకూడదు. గుంపుగా ఉన్న నక్షత్రాల సగటు తీస్తే బాగా పనికొస్తుంది. అదే ఉపగ్రహం ఇంకో పని కూడా చేసింది. పాతిక లక్షల నక్షత్రాల స్థానాలు నమోదు చేసింది. అవి ఇప్పుడు ఎక్కడున్నాయో తెలిసింది. ఎటు కదులుతున్నాయో తెలియాలంటే పాత స్థానాలు కావాలి. దాదాపు వందేళ్ల కిందటి స్థానాలు ఎవరి దగ్గరున్నాయి? 1887లో పారిస్‌లో ఆకాశాన్ని పంచుకున్న వేధశాలల దగ్గర. ఆ సంపుటాలన్నిటినీ కంప్యూటరుకి ఎక్కించి, 2000లో వచ్చిన టైకో-2 పట్టికలో నక్షత్రాల కదలికలు లెక్కకట్టారు. ఆ సంపుటాల్లో బేగంపేటలో మైక్రోస్కోపు కింద అడ్డం నిలువు కొలిచిన ఆ ఏడు లక్షల చిల్లర నక్షత్రాలు కూడా ఉన్నాయి. ఒకే ఉపగ్రహం, కొడుకు కనిపెట్టిన సంబంధానికి పరీక్ష పెట్టింది, తండ్రి ఉద్యోగం చేసిన వేధశాల కొలతల్ని తన లెక్కకు అరువడిగింది.